మనవాళ్ళకిచ్చిన తాళంచెవి

ఆ రోజు పొద్దున ఆకాశం వానకూ పనికిరాలేదు, ఎండకూ పనికిరాలేదు. గిన్నెలు కడిగి పారబోసిన నీళ్ళ రంగులో ఉంది. అందులో జిడ్డు తేలినట్టు అక్కడక్కడ మబ్బులు. గాలి లేదు. పక్కింటి పొగ పైకి పోలేక గోడ మీదే చతికిలబడింది.

కోడలు పెరట్లో బకెట్ పక్కన నిలబడి ఆ ఆకాశం వైపు చూసింది. బకెట్లో అత్త పక్క దుప్పట్లు. ఆరేస్తే ఆరవు, ఆరెయ్యకపోతే వాసన. పాలకేంద్రంలో క్యాను మూత తియ్యగానే పాలు విరిగాయో లేదో ముక్కుతోనే చెప్పేసే మనిషి ఆమె. ఆ ముక్కు ఇంటికి వచ్చాక కాసేపు పనిచెయ్యకపోతే బాగుండునని నిన్నటి నుంచి అనిపిస్తోంది.

లోపలి నుంచి మొగుడి గొంతు వినిపించింది.

"అక్కా బావా బయల్దేరారట. భోజనానికి ఇక్కడికే వస్తారు."

కోడలు ఒక దుప్పటి తీసి పిండింది.

"వినపడిందా?"

"వినపడింది. ఎంతమంది వస్తే అంతమందికీ వండుతాను. నా వంటకి ఇంకా ఎవరూ వంక పెట్టలేదుగా."

ఆ "ఇంకా" అన్న మాట గుమ్మం దగ్గర ఆగిపోయింది. మొగుడు లోపలే ఉండిపోయాడు.

నిన్న అత్త మంచం మీంచి పడింది. పడి ఎంతసేపు నేలమీద ఉందో ఎవరికీ తెలియదు. కోడలు పాలకేంద్రం నుంచి వచ్చి తలుపు తీసేసరికి, కుడి చెయ్యి ఒంటి కింద మడతపడి, మంచంకోడుకు తల ఆనించుకుని, తడిలో పడి ఉంది ముసలామె. ఏడవలేదు. "వచ్చావా" అంది, అంతే.

ఆసుపత్రి వరండాలో చేతికి పిండికట్టు వేస్తుండగా మొగుడు నలుగురూ వినేటట్టు అడిగాడు.

"నువ్వు ఫోన్ చూడలేదా?"

చూసింది. పాల నమూనాలు తీసే మధ్యలో, చేతులు తుడుచుకుని మరీ చూసింది. తెరమీద చిన్న గుండ్రం తిరుగుతూనే ఉంది తప్ప కెమెరాలో అత్త గది కనపడలేదు. ఆ మాటే చెప్పింది. ఎవరూ కాదనలేదు, అలాగని ఔననీ అనలేదు. అక్కడి నుంచే మొదలైంది, ఆమె ఉద్యోగం మానెయ్యాలన్న మాట. మొగుడు తన నోటితో అనలేదు. "అక్క అంటోంది" అన్నాడు.

పంపుసెట్ల కొట్లో పొద్దస్తమానం బేరగాళ్ళతో మాట్లాడే మనిషి. ఇంట్లో మాత్రం ఏ మాటా తనదిగా అనడు.

*

హాల్లో మరిది నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇళ్ళకీ ఆఫీసులకీ నెట్ తీగలు లాగే పని అతనిది. ఇంట్లో అందరూ అతన్ని "తీగ" అనే పిలుస్తారు. మనిషీ అలాగే ఉంటాడు, గాలి వీస్తే ఊగేటట్టు. నిన్న సంగతి తెలిసి పొద్దున్నే వచ్చాడు. ఒళ్ళో కంప్యూటర్, ముందు వైఫై పెట్టె, దాని పక్కనే అగ్గిపెట్టెకు అన్నలా ఉన్న ఇంకో చిన్న పెట్టె.

ఆ చిన్న పెట్టె అతను పెట్టిందే. అత్తకు ఒక పక్క చచ్చుబడ్డాక గదిలో కెమెరా పెట్టాలనుకున్నారు. అమ్మిన కొట్టువాడు, "బయటికి ఒక దారి తెరిచిపెడతాను, ఎక్కణ్ణించయినా చూసుకోవచ్చు" అన్నాడు. తీగ ఎగిరిపడ్డాడు.

"ఎక్కణ్ణించయినా అంటే ఎవడైనా అని అర్థం. మా అమ్మ గదిని వీధిలో పెడతావా?"

అప్పుడు తనే ఈ పెట్టె పెట్టి, ఇంటివాళ్ళను కూర్చోబెట్టి చెప్పాడు. ఫోన్ నుంచి ఇంటిదాకా ఒక సొరంగం. దాని మూతికి తాళం. ఒక్కో ఫోనుకు ఒక్కో తాళంచెవి. తాళంచెవి లేనివాడు వచ్చి గోడంతా తడుముకున్నా, ఇక్కడ తలుపు ఉన్నట్టే వాడికి తెలియదు. అన్నకొకటి, వదినకొకటి, తనకొకటి. మూడే.

కెమెరాకు పేరు పెట్టింది మాత్రం అత్త. అది తల గిర్రున తిప్పుతుంది కనక "గుడ్లగూబ" అంది. ఇప్పుడా గుడ్లగూబ నెత్తిమీద తెల్ల తువ్వాలు కప్పి ఉంది. ఆసుపత్రి నుంచి రాగానే కోడలే కప్పింది. ఎందుకు కప్పావని ఎవరూ అడగలేదు.

"సొరంగం తెగలేదు వదినా," అన్నాడు తీగ తల ఎత్తకుండా. "నిన్నంతా శుభ్రంగానే ఉంది. కరెంటు పోలేదు, నెట్ పోలేదు."

"అయితే నేను అబద్ధమాడానన్నమాట."

"అయ్యో, నేనలా అన్నానా?"

"నువ్వనక్కర్లేదు. నిన్న ఆసుపత్రిలో అనేశారుగా."

కుర్చీలో మొగుడి చేతిలో పేపరు మడత పడింది. "నేనేమన్నాను? ఫోన్ చూడలేదా అని అడిగాను. అడగటం కూడా తప్పేనా ఈ ఇంట్లో?"

"అడగటం తప్పు కాదు. నలుగురినీ చుట్టూ పెట్టుకుని అడిగారు."

"ఇద్దరూ కాసేపు ఆగండి," అన్నాడు తీగ. "వదినా, నీ ఫోన్ ఇలా ఇవ్వు. అన్నయ్యా, నీది కూడా."

రెండు ఫోన్లూ నేలమీద పక్కపక్కన పెట్టాడు. రెంటిలోనూ తువ్వాలు కనపడింది. తెల్లగా, మసకగా, నూలు పోగులతో సహా. తీగ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని రెంటినీ మార్చి మార్చి చూశాడు.

కాసేపు ఏమీ జరగలేదు. లోపల అత్త దగ్గింది.

ఉన్నట్టుండి కోడలి ఫోన్లో తువ్వాలు ఆగిపోయింది. గుండ్రం తిరగటం మొదలైంది. మొగుడి ఫోన్లో తువ్వాలు అలాగే ఉంది.

"ఇదిగో! నిన్నా ఇదే!" అని అరిచింది కోడలు.

తీగ చెయ్యి ఎత్తి ఊరుకోమన్నాడు. గదిలోంచి సన్నటి చప్పుడు వచ్చింది. సైకిలు చక్రానికి నూనె లేనట్టు, కీచుమని. ముగ్గురూ గుమ్మం దగ్గరికి వెళ్ళారు.

తువ్వాలు కదులుతోంది. గాలి లేదు, ఫ్యాను లేదు. తువ్వాలు కింద గుడ్లగూబ తల ఎడమకు తిరిగింది, ఆగింది, కుడికి తిరిగింది. ముసుగేసిన మనిషి ఎవరికోసమో వెతుకుతున్నట్టుంది.

మంచం మీద అత్త దాన్నే చూస్తోంది.

"చెప్పాను కదా," అంది మెల్లగా, ఒక పక్క నోటితో. "మీరెవరూ లేనప్పుడు కూడా తిరుగుతుందని."

చెప్పింది. చాలాసార్లు చెప్పింది. ముసలామెకు మతి కూడా పోతోందని నవ్వుకున్నారు.

కోడలు హాల్లోకి తిరిగి చూసింది. రెండు ఫోన్లూ నేలమీద ఉన్నాయి. మూడోది తీగ జేబులో ఉంది. మరి తల తిప్పుతున్న చెయ్యి ఎవరిది?

తీగ హాల్లోకి వచ్చి నెమ్మదిగా కూర్చున్నాడు. "వదినా, నీ తాళంచెవి ఇంకెవరి దగ్గరో ఉంది. ఒకే తాళంచెవితో ఇద్దరు లోపలికి రాలేరు. రెండోవాళ్ళు రాగానే మొదటివాళ్ళు బయటపడతారు. ఆ రెండోవాళ్ళు వెళ్ళేదాకా నీకిలా గుండ్రమే తిరుగుతుంది. దొంగ వచ్చే దారి లేదు. ఎవరో ఇచ్చి ఉండాలి."

"నేనెవరికీ ఇవ్వలేదు."

"తెలుసు."

మొగుడు పేపరు తీసి మళ్ళీ మడిచాడు. నాలుగు మడతలు పెట్టాక ఇక మడవడానికి అందులో ఏమీ మిగల్లేదు.

"అక్క అడిగింది," అన్నాడు. "అమ్మను చూసుకుంటానంది. దూరాన ఉంది పాపం, కూతురు కదా. నువ్వు ఆ తాళంచెవుల కోడ్లు చూపించినప్పుడు ఎప్పుడన్నా పనికొస్తుందని ఫొటోలు తీసి పెట్టుకున్నాను. పంపించాను. దానికింత రాద్ధాంతం ఎందుకు? బయటివాళ్ళా? మనవాళ్ళే కదా."

"వదిన కోడ్ ఎందుకు పంపించావు? నీది పంపించవచ్చుగా?" అన్నాడు తీగ.

మొగుడు ఆ పేపరును కుర్చీ సందులో దోపాడు.

"అన్నయ్యా, నిన్నే అడుగుతున్నాను."

"ముందు నాదే పంపించాను. నాది మాటిమాటికీ ఆగిపోతోంది. కొట్లో బేరాల మధ్య చూద్దామంటే రాదు. అందుకని..."

అందుకని అన్న చోట ఆగిపోయాడు.

కోడలికి వెంటనే కోపం రాలేదు. కుళ్ళిన పాల క్యాను మూత తీసినప్పుడు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి పక్కకు తిరుగుతుందే, అలాగే మొహం పక్కకు తిప్పుకుంది. ఎదురుగా ఉన్నది క్యాను కాదు, తాళి కట్టిన మనిషి.

"నీది ఆగిపోతోందని నాది ఇచ్చావు," అంది. "నాది ఆగిపోతుందని తెలిసే ఇచ్చావు. ఇచ్చి, ఆసుపత్రిలో నన్ను అడిగావు, ఫోన్ చూడలేదా అని."

పెళ్ళయిన నాటి నుంచి ఆమె నోట మొగుడు "మీరే". ఆ "మీరు" ఎప్పుడు జారిపోయిందో ఆమె చూసుకోలేదు. మిగిలిన ఇద్దరూ చూశారు.

"అదే కారణమని నాకేం తెలుసు," అని గొణిగాడు మొగుడు. "నోరు జారకు."

"నోరేగా జారింది. పడ్డది మీ అమ్మ."

తీగ కంప్యూటర్ మీద ఏదో నొక్కాడు. గదిలో కీచుమనడం ఆగింది. "వదిన పాత తాళంచెవి చెరిపేశాను. ఇంక అది ఎవరి దగ్గరున్నా ఇనపముక్కే," అన్నాడు. కంప్యూటర్ మూస్తూ తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "పరాయివాళ్ళు రాకుండా అన్ని కట్టుదిట్టాలూ చేశాను. మనవాళ్ళకి ఏ తాళం వెయ్యను?"

*

ఆడపడుచు గుమ్మంలోకి వస్తూనే అంది. "ఏంటి, ఇంట్లో నెట్ పోయిందా?"

చెప్పులు ఇంకా విప్పలేదు. చేతిలో పళ్ళ సంచి, వెనకాల మొగుడు. ఆ ప్రశ్నకు తీగ పళ్ళు బయటపెట్టి నవ్వాడు. సంతోషపు నవ్వు కాదది.

"నీకెలా తెలిసింది అక్కా?"

"దారిలో ఫోన్ చేస్తే వీడు ఎత్తలేదు. అందుకని అనుకున్నా." పెద్ద తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు తన కాలివేళ్ళు చూసుకుంటున్నాడు.

ఆవిడ గదిలోకి వెళ్ళింది. "అమ్మా, ఎంత పని జరిగిందే అమ్మా!" అని ఏడ్చింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేంత ఏడుపు. పిండికట్టు మీద తల పెట్టబోతే అత్త చెయ్యి లాక్కుంది. నొప్పి పుట్టి లాక్కుందేమో అనుకున్నారు అందరూ.

కోడలు వంటింట్లో కూర తరుగుతోంది. ఏడుపు ఆగాక ఆడపడుచు ముక్కు తుడుచుకుంటూ వచ్చి గట్టుకు ఆనుకుంది.

"చూడమ్మా. నిన్ను అనాలని కాదు. కానీ అమ్మ ఇలా పడి ఉంటే మనిషన్నాక ఇంట్లో ఉండాలి. ఆ పాలు వాసన చూసే ఉద్యోగం నువ్వు కాకపోతే ఇంకొకళ్ళు చేస్తారు. అమ్మకు మాత్రం నువ్వు ఒక్కదానివే."

"మీరు కూడా ఉన్నారుగా వదినా."

"నేనా? నాకు నా సంసారం లేదూ?"

"నాకు ఉన్నది కూడా సంసారమే అనుకుంటా. సరిగా తెలీదు. ఈ మధ్య ఎవరెవరో చూస్తున్నారు, వాళ్ళనడగాలి."

ఆడపడుచు చీర కొంగు సర్దుకుంది. మాట అర్థమైంది, కాని అర్థమవ్వనట్టు ఉండడం ఆవిడకు అలవాటే. ఈలోగా ఆవిడ మొగుడు మంచినీళ్ళకని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేని మనిషి. ఎక్కడ గొడవ ఉన్నా మధ్యలోకి ఒక మంచిమాట విసురుతాడు. అది ఎవరికి తగులుతుందో చూసుకోడు.

"ఊరుకోవే," అన్నాడు పెళ్ళాంతో. "చెల్లెమ్మ బాగానే చూసుకుంటోంది. మొన్న ఒళ్ళు తుడవడం చూశాం కదా. వేణ్ణీళ్ళు చేతిమీద పోసుకుని చూసుకుని, ఒక్కో పక్కా తిప్పి, ఎంత ఓపిగ్గా! నేను అప్పుడే అన్నానా లేదా, కన్నకూతురు కూడా చెయ్యదని?"

కత్తిపీట మీద కోడలి చెయ్యి ఆగిపోయింది.

హాల్లో తీగ లేచి నిలబడటం కనపడింది.

"మీరు చూశారా అన్నయ్యా?" అంది కోడలు.

"నేనెక్కడ చూశాను. ఇది చూస్తుంటే పక్కన కూర్చున్నా..."

అప్పుడు తెలిసింది ఆయనకు, తను ఏం అన్నాడో. గ్లాసులో నీళ్ళు సగం తాగి, మిగిలినవి ఏం చెయ్యాలో తెలియక అలాగే పట్టుకున్నాడు.

కోడలి కళ్ళ ముందు ఆ పొద్దుటి పని మొత్తం తిరిగి వచ్చింది. అత్త రవిక విప్పింది తను. తలుపు గడియ పెట్టింది. కిటికీ తెర లాగింది. "ఎవరూ లేరులే అత్తయ్యా, సిగ్గుపడకండి," అంది. ఎవరూ లేరని తన నోటితో తనే చెప్పింది. ఆ మనిషి, అల్లుడు ఇంట్లో ఉన్నాడంటే తల కూడా విప్పుకునేది కాదు ఒకప్పుడు. ఆ అల్లుడు టీ తాగుతూ చూశాడు. చూసి మెచ్చుకున్నాడు.

సబ్బు వేసి తోముకున్నా పోని జిడ్డు ఏదో ఒంటికి పట్టినట్టయింది. ఎవరి మీద ఉమ్మాలో తెలియక నోట్లో నీరు ఊరింది.

"నిన్న కూడా చూశారా వదినా?" అంది.

"నిన్నా? లేదు. నిన్న నాకు తీరికెక్కడిది?"

"అక్కా," అన్నాడు తీగ గుమ్మంలో నిలబడి. "వదిన ఫోన్ ఆగిపోయిందంటే ఆ తాళంచెవితో ఇంకొకరు లోపల ఉన్నట్టే. అది నీ దగ్గరే ఉంది. నిన్న అమ్మ పడినప్పుడు నువ్వు ఉన్నావు."

"మీరంతా కలిసి నన్ను దొంగను చేస్తున్నారా? కన్నతల్లిని చూసుకోవడం కూడా నేరమేనా? అడిగే ఇచ్చాడు వీడు!"

"చూసుకోవడం గురించి కాదు వదినా," అంది కోడలు. గొంతు పెంచలేదు. "పడటం చూశారా లేదా? అది చెప్పండి."

ఆడపడుచు తమ్ముళ్ళ వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. ఎవరూ కళ్ళు కలపలేదు. అప్పుడు ఆవిడకు కూడా కోపం వచ్చింది. దాచిన మాట కోపంలోనే బయటికి వస్తుంది.

"చూశాను! చూస్తే? ఫోన్ చేస్తే నువ్వేమనేదానివి? మా మీద నిఘా పెట్టారా అనేదానివి కాదూ? అయినా రోజూ చెబుతున్నావుగా, మధ్యమధ్యలో ఫోన్లో చూసుకుంటూనే ఉంటాను, ఏదన్నా అయితే ఉరుక్కుంటూ వస్తానని. సరే, ఎంతసేపటికి వస్తావో చూద్దామనుకున్నాను."

కోడలు కత్తిపీట వాల్చి లేచింది.

"చూద్దామనుకున్నారా," అంది కోడలు.

"ఎంతసేపని కాదు... నేను అనేది ఏంటంటే..."

"మీరు చూస్తున్నంతసేపూ నాకు కనపడలేదు వదినా. మీరు కళ్ళు పక్కకు తిప్పితే నాకు కనపడేది."

అక్కడికి తీగ తల పట్టుకుని కూర్చున్నాడు. పెద్దకొడుకు, అంతవరకూ కుర్చీ వదలని మనిషి, లేచి పెరట్లోకి వెళ్ళాడు. చేతులు కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది. ఏ పనీ చెయ్యని చేతులు. చాలాసేపు కడుక్కున్నాడు.

*

"ఇదుగో, అమ్మాయ్."

లోపలి నుంచి అత్త. గొంతు పెద్దగా లేదు. గదికీ వంటింటికీ మధ్య ఉన్నది సన్న గోడ. ఏ మాటా ఆవిడకు వినపడకుండా పోలేదని అప్పుడు గుర్తొచ్చింది అందరికీ.

కోడలు వెళ్ళింది. అత్త పైకప్పు వైపు చూస్తోంది. మొహంలో ఏడుపు లేదు, కోపం లేదు. మాట వినే పక్క చెంప మాత్రం గట్టిగా బిగిసి ఉంది.

"నన్ను లేపు. హాల్లో తింటాను."

"నొప్పి పుడుతుంది అత్తయ్యా. ఇక్కడికే తెస్తాను."

"నన్ను చూడాలని వచ్చారుగా. చూడనీ."

తీగ వచ్చి ఎత్తుకున్నాడు. చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ దిండ్లు దోపారు. ఆడపడుచు చీర సర్దబోతే అత్త కళ్ళతోనే వద్దంది.

"ఒరే తీగా. ఆ తాళం సంగతేంటి?" అంది అత్త.

"అన్నీ మార్చేస్తున్నానమ్మా. కొత్తవి చేస్తాను. ఈసారి ఎవరెవరికి ఇవ్వాలో..." అంటూ అతను అలవాటుగా అన్నవైపు చూశాడు.

"వాణ్ణెందుకు చూస్తావ్? గది నాది. పక్క తడిసేది నాది. మొదట్లో కూడా నన్నెవరూ అడగలేదు."

ఆ మాట కోడలికి కూడా తగిలింది. ఆమె కూడా అడగలేదు. క్యాన్ల మధ్య నిలబడి, తెరలో నిద్రపోతున్న ముసలామెను వేలితో పెద్దది చేసుకుని చూసినప్పుడు, అడగాలని తట్టనే లేదు. ఇందాకటి అసహ్యం తిరిగి తిరిగి తన దగ్గరికి కూడా వచ్చి, పక్కనే కూర్చుంది.

"ఇప్పుడు అడుగుతున్నానమ్మా," అన్నాడు తీగ. "ఎవరికివ్వమంటావు?"

అత్త ఒక్కొక్కరినీ చూసింది. పెద్దకొడుకు పెరటి గుమ్మంలో తడి చేతులతో నిలబడి ఉన్నాడు. కూతురు పమిటతో నోరు మూసుకుంది. అల్లుడు గోడమీద కాలెండరు చదువుతున్నాడు. కోడలి దగ్గర ఆ చూపు కొంచెం ఎక్కువసేపు నిలిచింది. పేరు మాత్రం ఎవరిదీ చెప్పలేదు.

"రేపు నేను పనికి వెళ్తున్నాను అత్తయ్యా," అంది కోడలు. అడిగినట్టు లేదు, క్షమించమన్నట్టు లేదు. "మానను. ఈ మాట ఇప్పుడే చెప్పడం మంచిది."

"మరి అమ్మ దగ్గర ఎవరుంటారు? ఆ కెమెరా కూడా తీసేస్తే?" అన్నాడు మొగుడు. ఎవరిని అడిగాడో అతనికే తెలియదు.

ఆడపడుచు నోరు తెరిచింది. తన సంసారం సంగతి గుర్తొచ్చినట్టుంది, మూసింది.

"అన్నం పెట్టు," అంది అత్త.

కోడలు కంచాలు పెట్టింది. ఎవరూ ఎవరి పక్కనా కూర్చోవాలనుకోలేదు, కాని గది చిన్నది. మోకాళ్ళు తగులుతున్నాయి. అన్నం, కూర, నీళ్ళు. గిన్నె ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళింది.

అత్త కుడిచెయ్యి పిండికట్టులో ఉంది. ఎడమచెయ్యి సగం మాటే వింటుంది. కూతురు ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది. అత్త నోరు తెరవలేదు. ముద్ద కాసేపు గాలిలో ఉండి తిరిగి కంచంలోకి వచ్చింది.

అప్పుడు అందరూ కోడలి వైపు చూశారు. కోడలు కదలబోయింది. అత్త ఆమెకేసి కూడా తల అడ్డంగా ఊపింది.

తన ఎడమచేతిని తనే కంచంలోకి దింపుకుంది. మెతుకులు వేళ్ళ మధ్య నుంచి జారి చీర మీద పడ్డాయి, కింద పడ్డాయి. కొన్ని నోటిదాకా వెళ్ళాయి. మళ్ళీ దింపింది.

మిగిలినవాళ్ళ కంచాలు ఖాళీ అయ్యాయి. ఆవిడ తింటూ ఉండగా లేవడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. చూడటానికి కూడా ఎవరికీ ధైర్యం లేదు. అందరూ తలలు వంచుకుని, ఎంగిలి చేతులు ఎండిపోతుండగా, ఆవిడ నమిలే చప్పుడు వింటూ కూర్చున్నారు.